ఈ ఆర్‌ఎన్‌ఏ ఎల్‌టీఆర్ దగ్గరే మొదలైందా? మెదడు కణజాలంలో హెర్వ్‌లపై ప్రాజెక్టు డైరీ

1వ వారం: ప్రశ్న

మన జీనోమ్‌లో దాదాపు 8 శాతం పాత రెట్రోవైరస్‌ల అవశేషాలే. పూర్వీకుల బీజకణాల్లోకి ఎప్పుడో దూరి, తరతరాలుగా మనతో వస్తున్న ఈ ఎండోజీనస్ రెట్రోవైరస్‌లను, అంటే హెర్వ్‌లను, జీనోమ్‌లో వెతికితే ఎక్కువగా దొరికేది ఒంటరి ఎల్‌టీఆర్‌లు, అంటే వైరస్ రెండు కొసల్లో ఉండే, ఆర్‌ఎన్‌ఏ తయారీని మొదలుపెట్టగల పునరావృత వరుసలు. రెండు చివర్లా ఎల్‌టీఆర్‌లు, మధ్యలో వైరస్ జన్యువులు గ్యాగ్, ప్రో, పోల్, ఎన్వ్ నిలిచి ఉన్న ప్రొవైరస్‌లు బాగా తక్కువ. అన్నిటికంటే చిన్న వయసుది (ఆఖరున జీనోమ్‌లో చేరింది) హెర్వ్-కె కుటుంబంలోని హెచ్‌ఎంఎల్-2 శాఖ. 2011లో వేసిన లెక్క ప్రకారం అందులో 91 ప్రొవైరస్‌లు, 944 ఒంటరి ఎల్‌టీఆర్‌లు ఉన్నాయి.

మెదడు ఆర్‌ఎన్‌ఏ డేటాలో హెర్వ్ రీడ్లు (సీక్వెన్సర్ చదివిన చిన్న ముక్కలు) కనబడతాయన్నది తెలిసిన సంగతే. ఫలానా చోట కనబడ్డ ఆర్‌ఎన్‌ఏ ఆ హెర్వ్ సొంత ఎల్‌టీఆర్ దగ్గర మొదలైందా, లేక పక్క జన్యువు నుంచి సాగుతున్న ట్రాన్స్‌క్రిప్షన్ (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీ) దాని మీదుగా వెళ్లిందా? ఈ ప్రాజెక్టు తేల్చాల్సింది అది. మొదటిదైతే ఆ ఎల్‌టీఆర్‌ను అణచి ఉంచే ట్రిమ్28 ప్రోటీన్, హెచ్3కె9 మిథైలేషన్ (హిస్టోన్ మీది అణచివేత గుర్తు) కాపలా సడలిందేమో చూడాలి. రెండోదైతే వైరస్ మాట ఎత్తాల్సిన పనే లేదు.

ఇంత పట్టుదల దేనికంటే, ఈ రంగం ఒకసారి గట్టిగా ఎదురుదెబ్బ తింది. ఏఎల్‌ఎస్ (కండరాలను నడిపే నరకణాలు క్షీణించే జబ్బు) రోగుల మెదడులో హెర్వ్-కె ఆర్‌ఎన్‌ఏ పెరిగిందని 2015లో సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్‌లో వచ్చింది. 2018, 2019ల్లో వేరే బృందాలు క్యూపీసీఆర్‌తోనూ (ఒక వరుసను సైకిళ్లలో రెట్టింపు చేస్తూ కొలిచే పద్ధతి) సీక్వెన్సింగ్‌తోనూ చూస్తే ఆ తేడా కనబడలేదు. ఎక్కడ పొరపాటు జరగడానికి వీలుందో ముందే పట్టిక వేసుకున్నాం: జీనోమిక్ డీఎన్‌ఏ, రీడ్లు తప్పు చోటుకు చేరడం, ఇంట్రాన్ (జన్యువు ఆర్‌ఎన్‌ఏలో స్ప్లైసింగ్‌తో కత్తిరించి తీసేసే భాగం) మీదుగా వచ్చే ఆర్‌ఎన్‌ఏ, కణాల పాళ్లలో తేడా. ఈ డైరీ సాగేది ఆ నాలుగింటినీ ఒక్కొక్కటిగా తొలగిస్తూనే.

2వ వారం: కణజాలం కోత

నమూనాలు మైనస్ 80 డిగ్రీల్లో దాచిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ముక్కలు, బ్రాడ్‌మన్ 9వ ప్రాంతం. ప్రతి ముక్కకూ వయసు, లింగం, మరణానికీ గడ్డకట్టించడానికీ మధ్య గంటలు, కణజాలం పీహెచ్, ఏ బ్యాచ్‌లో తీశామన్నది రాసి పెట్టుకున్నాం. ఆ గంటల కంటే పీహెచ్ ఎక్కువ చెబుతుంది. చివరి ఘడియల్లో ఆక్సిజన్ అందక చాలాసేపు అవస్థపడిన మెదడులో లాక్టిక్ ఆమ్లం పేరుకుని పీహెచ్ పడిపోతుంది, ఆర్‌ఎన్‌ఏ నాణ్యత కూడా దానితో పాటే పడుతుంది.

ఒక్కో నమూనాకు 30 మిల్లీగ్రాములు చాలు, కానీ అది బూడిద పదార్థమే అయి ఉండాలి. డ్రై ఐస్ మీద చల్లబరచిన స్కాల్పెల్‌తో కోస్తే తెగిన ముఖం మీద తేడా స్పష్టంగా తెలుస్తుంది: బయటి అంచున లేత గులాబీ ఛాయ ఉన్న బూడిద పట్టీ, లోపల ముత్యపు మెరుపుతో తెల్ల పదార్థం. ముఖం తడిగా నిగనిగలాడితే కరగడం మొదలైనట్టు, వెంటనే వెనక్కి డ్రై ఐస్ మీదికి. అలా కరిగి మళ్లీ గడ్డకట్టిన ముక్కను వాడం. కణాల లోపలి మంచు పలుకులు పొరలను చీల్చేస్తాయి, ఆర్‌ఎన్‌ఏను కోసే ఆర్‌ఎన్‌ఏజ్ ఎంజైమ్‌లకు దారి దొరుకుతుంది.

తెల్ల పదార్థం కలిస్తే ఆలిగోడెండ్రోసైట్ల (నరాల తొడుగు తయారుచేసే కణాలు) వాటా పెరుగుతుంది, ఆ తర్వాత హెర్వ్‌లో కనబడే ‘తేడా’ అసలు కోతలో వచ్చిన తేడా అవుతుంది. అందుకే సీక్వెన్సింగ్ అయ్యాక ఆలిగోడెండ్రోసైట్లలో పలికే ఎంబీపీ, పీఎల్‌పీ1 జన్యువులను న్యూరాన్లలో పలికే ఎస్‌ఎల్‌సీ17ఏ7తో పోల్చి కోత ఎంత శుభ్రంగా జరిగిందో చూస్తాం. మొదటివి మరీ ఎక్కువున్న నమూనాను పక్కన పెడతాం.

ఆర్‌ఎన్‌ఏ తీయడానికి ఫినాల్-గ్వానిడిన్ ద్రావణం 1 మిల్లీలీటరు. మెదడులో కొవ్వు ఎక్కువ కాబట్టి మామూలు సిలికా కాలమ్‌కు నేరుగా వేస్తే అది మూసుకుపోతుంది. పూసలతో నలిపాక గది ఉష్ణోగ్రతలో 5 నిమిషాలు, క్లోరోఫాం 200 మైక్రోలీటర్లు, 15 సెకన్లు గట్టిగా కుదిపి 2 నుంచి 3 నిమిషాలు ఆగి, 4 డిగ్రీల్లో 12,000 జీ దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో 15 నిమిషాలు. పై పొర తీసేటప్పుడు ఆశపడకూడదు. మధ్యలో తెల్లటి మెత్తలా పేరుకునేదే డీఎన్‌ఏ, ప్రోటీన్ల పొర. చివరి 100 మైక్రోలీటర్లు అలాగే వదిలేశాం. ఆ కాస్త పొదుపు చేయబోతే తర్వాతి వారమంతా దాని వెనకే తిరగాలి.

3వ వారం: ఇంటిదొంగ

ఇంటిదొంగ అంటే ఆర్‌ఎన్‌ఏతో పాటు మిగిలిపోయే జీనోమిక్ డీఎన్‌ఏ. మామూలు జన్యువుకైతే రెండు ఎక్సాన్ల (స్ప్లైసింగ్ తర్వాత మిగిలే భాగాలు) మీద పడేలా ప్రైమర్ (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) వేసి డీఎన్‌ఏ బెడద తప్పించుకోవచ్చు. హెర్వ్ గ్యాగ్, పోల్ ఆర్‌ఎన్‌ఏలో స్ప్లైసింగ్ ఉండదు, కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. పైగా కాపీల సంఖ్య. గోరంత డీఎన్‌ఏ మిగిలినా కొండంత సిగ్నల్ ఎలా వస్తుందో లెక్క వేసి గోడకు అంటించాం.

ఒక హాప్లాయిడ్ జీనోమ్ బరువు సుమారు 3.3 పికోగ్రాములు. క్యూపీసీఆర్ బావిలో 50 నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏకు సమానమైన సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి తయారైన డీఎన్‌ఏ నకలు) వేస్తాం అనుకుందాం. అందులో బరువులో 0.1 శాతం డీఎన్‌ఏ మిగిలితే అది 50 పికోగ్రాములు, అంటే 15 జీనోమ్‌లు. ఒకే కాపీ ఉన్న జన్యువుకు ఇవి 15 అణువులు. 50 చోట్ల అతుక్కునే హెచ్‌ఎంఎల్-2 పోల్ ప్రైమర్‌కు ఇవే 750. సైకిళ్లలో చెప్పాలంటే 5.6 సైకిళ్లు ముందే సిగ్నల్ లేస్తుంది. అందువల్ల హౌస్‌కీపింగ్ జన్యువుతో (అన్ని కణాల్లోనూ పలికేది) చూసి ‘ఆర్‌టీ (ఆర్‌ఎన్‌ఏను సీడీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్) లేని గొట్టం శుభ్రంగా ఉంది’ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ పరీక్షను హెర్వ్ ప్రైమర్లతోనే, ప్రతి నమూనాకూ, ప్రతి ప్రైమర్ జతకూ చేయాలి.

మొదటి విడతలో అదే జరిగింది: కాలమ్ మీద ఒకసారి డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏను కోసే ఎంజైమ్) వేసిన ఆర్‌ఎన్‌ఏ, జీఏపీడీహెచ్ ప్రైమర్లకు శుభ్రంగా కనబడి, పోల్ ప్రైమర్లకు ఆర్‌టీ లేకుండానే లేచింది. రెండో విడత డీఎన్‌ఏజ్‌ను ద్రావణంలో వేశాం. 50 మైక్రోలీటర్లలో 10 మైక్రోగ్రాములు దాటకుండా ఆర్‌ఎన్‌ఏ, ఎంజైమ్ సగం వేసి 37 డిగ్రీల్లో 30 నిమిషాలు, మిగతా సగం వేసి మరో 30 నిమిషాలు. తర్వాత వేడితో ఎంజైమ్‌ను చంపాలంటే ముందు ఈడీటీఏ 15 మిల్లీమోలార్ వచ్చేలా కలిపి, అప్పుడే 75 డిగ్రీలకు తీసుకెళ్లాలి. మెగ్నీషియం ఉండగా వేడి చేస్తే ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది. ఆ ఈడీటీఏ అలాగే ఆర్‌టీలోకి వెళ్తే అక్కడి మెగ్నీషియాన్నీ కట్టేస్తుంది, కాబట్టి మధ్యలో కాలమ్ శుద్ధి తప్పదు.

దాటాల్సిన గీత: ఆర్‌టీ లేని గొట్టం, ఆర్‌టీ ఉన్నదానికంటే కనీసం 7 సైకిళ్లు వెనక ఉండాలి. 2ను 7 సార్లు హెచ్చిస్తే 128, అంటే డీఎన్‌ఏ వాటా 1 శాతం లోపు.

4వ వారం: లైబ్రరీ

సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన ముక్కల సమూహమే లైబ్రరీ. దానికి పాలీ-ఏ (ఆర్‌ఎన్‌ఏ చివరి తోక) పట్టాలా, రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ తీసేయాలా? చనిపోయాక తీసిన మెదడులో ఆర్‌ఎన్‌ఏ కొంత విరిగి ఉంటుంది. విరిగినదాన్ని పాలీ-ఏతో పట్టుకుంటే 3 ప్రైమ్ కొస (ఆర్‌ఎన్‌ఏ చివర) మాత్రమే చేతికొస్తుంది. 9 నుంచి 10 వేల బేస్‌ల ప్రొవైరస్‌కు మొదలు ఎక్కడో తెలియకుండా పోతుంది, మనకు కావాల్సిందే అది. రైబో తీసేసే పద్ధతిలో మొదలు దక్కుతుంది గానీ ఇంట్రాన్లు వరదలా వస్తాయి. మెదడు జన్యువులు మామూలు పొడవువి కావు, సీఎన్‌టీఎన్‌ఏపీ2 ఒక్కటే సుమారు 23 లక్షల బేస్‌లు. వాటి ఇంట్రాన్ల నిండా హెర్వ్ శకలాలే.

రైబో తీసేయడానికే మొగ్గాం, ఒక షరతు మీద: లైబ్రరీ తప్పనిసరిగా స్ట్రాండ్ సమాచారం (ఆర్‌ఎన్‌ఏ డీఎన్‌ఏలోని ఏ పోగు నుంచి వచ్చిందన్నది) నిలిపేది కావాలి. ఇంట్రాన్లలో నిలిచిన హెర్వ్‌లు ఎక్కువగా ఆతిథ్య జన్యువుకు ఎదురు దిశలో ఉంటాయి. అదే దిశలో పడ్డవాటి పాలీ-ఏ, స్ప్లైస్ సంకేతాలు జన్యువును దెబ్బతీస్తాయి కాబట్టి అలాంటివి పరిణామంలో ఏరివేతకు గురయ్యాయి. దీని వల్ల మనకు ఉచితంగా ఒక జల్లెడ దొరికింది: రీడ్ల దిశ జన్యువు దిశే అయి, హెర్వ్‌కు ఎదురుగా ఉంటే అది ఇంట్రాన్ ముక్కే. జీటెక్స్ (మానవ కణజాలాల జన్యు వ్యక్తీకరణ ప్రాజెక్టు) మెదడు డేటా స్ట్రాండ్ సమాచారం లేని 76 బేస్‌ల రీడ్ జతలతో చేసింది, అందులో ఈ జల్లెడ పనిచేయదు. చోట్లు ఎంచుకోవడానికి దాన్ని చూడొచ్చు, తీర్పు చెప్పడానికి మాత్రం పనికిరాదు.

డీయూటీపీ పద్ధతి (స్ట్రాండ్ సమాచారం నిలిపే లైబ్రరీ తయారీ), 150 బేస్‌ల రీడ్ జతలు, నమూనాకు 8 కోట్ల జతలు లక్ష్యం. ఈ పద్ధతిలో రెండో రీడ్ ఆర్‌ఎన్‌ఏ దిశలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ అమరిక తిరగబడితే మొత్తం తీర్పులన్నీ తలకిందులవుతాయి. జీఏపీడీహెచ్ లాంటి తెలిసిన జన్యువును బ్రౌజర్‌లో తెరిచి కంటితో చూసుకున్నాకే ముందుకు. డీయూటీపీ కూడా నూటికి నూరు పాళ్లు కట్టడి చేయదు, కాస్త తప్పు దిశకు కారుతుంది. బాగా పలికే జన్యువు 3 ప్రైమ్ యూటీఆర్‌లో (ప్రోటీన్‌గా మారని చివరి భాగం) ఎదురు దిశ హెర్వ్ ఉంటే ఆ కారిన చుక్కలే దాని ‘వ్యక్తీకరణ’గా కనబడతాయి. అలాంటి చోట్లను ముందే గుర్తు పెట్టి పక్కన ఉంచాం.

5, 6 వారాలు: రీడ్లను ఇంటికి చేర్చడం

స్టార్ అలైనర్ (రీడ్లను జీనోమ్‌లో అతికే చోటుకు చేర్చే ప్రోగ్రామ్) మామూలు అమరికలో, 10 కంటే ఎక్కువ చోట్ల అతికే రీడ్‌ను పారేస్తుంది. హెచ్‌ఎంఎల్-2 లాంటి చిన్న వయసు కుటుంబాలు అలాగే మాయమవుతాయి. ఆ హద్దును 100కు, యాంకర్ల హద్దును 200కు పెంచాం. అదే పనికి బోటై2 కూడా నడిపాం: లోకల్ పద్ధతి, అత్యంత సున్నితమైన అమరిక, రీడ్‌కు 100 అతుకుల దాకా. బోటై2కు స్ప్లైసింగ్ తెలియదు, కాబట్టి ఎన్వ్ స్ప్లైస్ రూపాలకు స్టార్ వైపే చూడాలి.

చోటు తేల్చేది టెలిస్కోప్, 2019లో ప్రచురితమైన పద్ధతి. చాలా చోట్ల అతికే రీడ్‌ను, ఒకే చోట అతికే రీడ్లు చెప్పే సాక్ష్యం ఆధారంగా అటూ ఇటూ సర్దుతూ, లెక్క నిలకడకు వచ్చేదాకా తిప్పుతుంది. ఇక్కడ ఒక రోజంతా పోయింది. బ్యామ్ ఫైలును (రీడ్ల అతుకుల పట్టిక) అలవాటు కొద్దీ జీనోమ్ వరుసలో పేర్చి ఇచ్చాం. టెలిస్కోప్‌కు ఒక రీడ్ జత అతుకులన్నీ పక్కపక్కనే ఉండాలి. వరుస మారితే ఒకే రీడ్ వంద ముక్కలై, ప్రతి ముక్కా విడి రీడ్‌లా లెక్కలోకి ఎక్కుతుంది. ప్రోగ్రామ్ ఆగదు, తప్పు అని చెప్పదు, అంకెలు మాత్రం ఉబ్బిపోతాయి. సామ్‌టూల్స్‌తో రీడ్ పేరు ప్రకారం పేర్చాక సరిపోయింది. దాన్ని పట్టించింది చిన్న తనిఖీ: మొత్తం రీడ్ జతల సంఖ్య, అలైనర్ నివేదికలోని సంఖ్యతో సరిపోవాలి.

అంకెలను నమ్మే ముందు కృత్రిమ రీడ్లతో పరీక్ష. 1క్యూ22, 3క్యూ12.3, 7పీ22.1, 22క్యూ11.21 లాంటి హెచ్‌ఎంఎల్-2 చోట్ల (ఇవి క్రోమోజోమ్ చిరునామాలు) నుంచి 150 బేస్‌ల జతలు తయారుచేసి, సీక్వెన్సర్ దోషాలు చల్లి, అదే గొలుసు గుండా పంపాం. పుట్టిన ఇంటికి ఎన్ని చేరాయి, ఏ ఇంటికి దారి తప్పాయి అన్న పట్టిక ప్రతి చోటుకూ వేసుకున్నాం. పాత కుటుంబాలకు పెద్ద ఇబ్బంది లేదు, కాలంతో వాటి కాపీల్లో తేడాలు పేరుకున్నాయి. చిక్కంతా చిన్నవాళ్లతోనే. 7పీ22.1లో రెండు ప్రొవైరస్‌లు ఒకదాని వెనక ఒకటి, మధ్య ఎల్‌టీఆర్‌ను పంచుకుని ఉన్నాయి. వాటిని విడదీస్తామని పంతం పట్టడం వృథా, రెండింటినీ ఒకే చోటుగా లెక్కించాం.

ఇంకో సమస్య రిఫరెన్స్‌లోనే ఉంది. 19పీ12లోని కె113 ప్రొవైరస్ కొందరిలో ఉంటుంది, కొందరిలో ఉండదు, రిఫరెన్స్ జీనోమ్ హెచ్‌జీ38లో లేదు. అది ఉన్న మనిషి నమూనాలో దాని రీడ్లు దగ్గరి బంధువుల ఇళ్లకు చేరి, అక్కడ లేని పెరుగుదల చూపిస్తాయి. ఇలా రిఫరెన్స్‌లో లేని హెర్వ్-కె చొప్పింపులు 36 ఉన్నాయని 2016లో తేలింది. కె113 సహా తెలిసిన వరుసలను రిఫరెన్స్‌కు అదనపు కాంటిగ్‌లుగా జోడించి మళ్లీ నడిపాం. జన్యువుల ఎక్సాన్లను కూడా పోటీదారులుగా పట్టికలో పెట్టాలి, లేకపోతే వాటి రీడ్లు దిక్కులేక హెర్వ్‌ల ఖాతాలో పడతాయి.

7, 8 వారాలు: అంచు చూడటం

ఇప్పుడు అసలు జల్లెడ. టెలిస్కోప్‌లో నిలిచిన ప్రతి చోటుకూ మొదట స్ట్రాండ్ తీర్పు. రెండు స్ట్రాండ్ల మీదా సమానంగా రీడ్లుండి, హెర్వ్ హద్దులు దాటి అదే ఎత్తులో సాగితే డీఎన్‌ఏ అనుమానం. ఆ నమూనాలో జన్యువులు లేని ఎడారి ప్రాంతాలు కూడా చూస్తాం, అక్కడా అలాగే ఉంటే ఆ నమూనా మూడో వారం పనికి వెనక్కి పోతుంది.

తర్వాత అంచు నిష్పత్తి: 5 ప్రైమ్ ఎల్‌టీఆర్‌కు ముందున్న 1,000 బేస్‌లలో అదే దిశలో సగటు కవరేజీ (ఒక్కో బేస్ మీద పడ్డ రీడ్ల సంఖ్య), హెర్వ్ లోపలి కవరేజీతో భాగించాలి. 1కి దగ్గరైతే ట్రాన్స్‌క్రిప్షన్ బయటి నుంచి వస్తోంది. సున్నాకు దగ్గరైతే ఆశ ఉంది. నిజమైన ఎల్‌టీఆర్ ట్రాన్స్‌క్రిప్ట్ ఎల్‌టీఆర్ మొదటి బేస్ దగ్గర మొదలు కాదు. ఎల్‌టీఆర్‌లోని మొదటి భాగమైన యూ3 దాటి, తర్వాతి ఆర్ భాగం దగ్గర మొదలై, అవతలి ఎల్‌టీఆర్‌లో ఆర్ చివర ముగుస్తుంది. బ్రౌజర్‌లో ఇది ఎల్‌టీఆర్ నడుమ నుంచి లేచే మెట్టులా కనబడుతుంది. ఒక జాగ్రత్త ఉంది: రెండు ఎల్‌టీఆర్‌లూ దాదాపు ఒకేలా ఉండటంతో వాటిలోపలే పడ్డ చిన్న రీడ్ ఏ కొసదో చెప్పలేం. జతలో ఒకటి ఎల్‌టీఆర్‌లో, రెండోది లోపలి భాగంలో పడ్డ రీడ్లనే మెట్టుకు సాక్ష్యంగా తీసుకున్నాం.

దగ్గరలో జన్యువు లేకపోయినా నిశ్చింత లేదు. ఉప్పు లాంటి ఒత్తిళ్లలో ట్రాన్స్‌క్రిప్షన్ జన్యువు చివర ఆగకుండా చాలా దూరం సాగిపోతుందని 2015 నుంచి తెలుసు. అందుకే హెర్వ్ ముందు 50 వేల బేస్‌ల దాకా, అదే దిశలో ఏదైనా జన్యువు ముగుస్తోందా అని వెతికాం.

తిరగేసిన కేసూ ఒకటుంది. 7క్యూ11.21లోని ఈఆర్‌వీ3-1 ఎన్నో కణజాలాల్లో పలికే చోటు. అక్కడ ట్రాన్స్‌క్రిప్షన్ హెర్వ్ దగ్గర మొదలై, దాటి వెళ్లి జెడ్‌ఎన్‌ఎఫ్117 జన్యువును కలుపుకుంటుంది. అంటే జన్యువు లెక్కలో పడ్డ రీడ్లలో కొన్నిటి మొదలు వైరస్‌ది. రెండు ఖాతాలను విడివిడిగా చూస్తే ఈ సంబంధం కనబడదు, స్ప్లైస్ జంక్షన్లను చూస్తే కనబడుతుంది.

9వ వారం: గణాంకాల అమరిక

ఇది త్వరగా తేలింది. నమూనాల్లో కనీసం 20 శాతంలో 5 రీడ్లయినా లేని చోట్లను తీసేశాం. సైజ్ ఫ్యాక్టర్లు (నమూనాల రీడ్ల సంఖ్యల తేడాను సరిచేసే గుణకాలు) జన్యువులూ హెర్వ్‌లూ కలిపి లెక్కించాం. హెర్వ్‌లతో మాత్రమే లెక్కిస్తే కొన్ని పెద్ద చోట్లు అన్నిటినీ తమవైపు లాగేస్తాయి. మోడల్‌లో వయసు, లింగం, ఆర్‌ఎన్‌ఏ నాణ్యత, పీహెచ్, బ్యాచ్, కణాల పాళ్ల అంచనాలు ఉన్నాయి. వీటికి తోడు మొత్తం రీడ్లలో ఇంట్రాన్ల వాటా కూడా చేర్చాం. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు, ఈ పనికి మాత్రం ఇదే ముఖ్యం అని మా గట్టి అభిప్రాయం. ఏ నమూనాలో ఇంట్రాన్లు ఎక్కువో అందులో ఇంట్రాన్ హెర్వ్‌లన్నీ మూకుమ్మడిగా లేస్తాయి, అది రోగం సంతకంలా కనబడి మోసం చేస్తుంది.

10వ వారం: మూడు ఆంప్లికాన్ల ప్లేటు

అంచు నిష్పత్తి దాటిన చోట్లకు బెంచ్ మీద రుజువు. ఒక్కో చోటుకు మూడు ఆంప్లికాన్లు (పీసీఆర్‌తో పెంచే ముక్కలు), 80 నుంచి 120 బేస్‌లు.

మొదటిది ‘బయటి’ది: ఒక ప్రైమర్ ఎల్‌టీఆర్‌కు ముందున్న జీనోమ్‌లో, రెండోది యూ3లో. ఎల్‌టీఆర్ దగ్గర మొదలైన ఆర్‌ఎన్‌ఏలో ఈ ముక్క ఉండే అవకాశమే లేదు, కాబట్టి ఇది లేస్తే అదే నేరుగా రీడ్‌త్రూ (బయటి నుంచి సాగి వచ్చిన ట్రాన్స్‌క్రిప్షన్) సాక్ష్యం. రెండోది ‘గుమ్మం’: ఆర్ భాగం నుంచి గ్యాగ్ ముందున్న లీడర్ దాకా. మూడోది ‘లోపలి’ది: ఆ చోటుకే ప్రత్యేకమైన బేస్ ప్రైమర్ 3 ప్రైమ్ కొసన పడేలా, గ్యాగ్ లేదా పోల్‌లో. ఉత్పత్తిని సాంగర్ సీక్వెన్సింగ్‌కు పంపి, వచ్చింది ఆ చోటుదేనని చూస్తాం. సీక్వెన్స్‌లో రెండు శిఖరాలు కలిసి కనబడితే ప్రైమర్ బంధువులను కూడా పట్టుకుంటోంది, మార్చాల్సిందే.

ప్రైమర్ల సామర్థ్యం వేరువేరు కాబట్టి సైకిళ్లను నేరుగా పోల్చకూడదు. ఇక్కడ జీనోమిక్ డీఎన్‌ఏ మన పక్షాన పనిచేస్తుంది: అందులో బయటి ముక్కా లోపలి ముక్కా ఖచ్చితంగా ఒకటికి ఒకటి. ముందు డీఎన్‌ఏ మీద రెండింటి సైకిళ్ల తేడా కొలిచి, సీడీఎన్‌ఏ తేడాలోంచి దాన్ని తీసేస్తే మిగిలేదే అసలు తేడా. అది 1 సైకిల్ లోపు ఉంటే రీడ్‌త్రూ. బయటిది 5 సైకిళ్లకు పైగా వెనకబడితే బయటి వాటా 3 శాతం చుట్టుపక్కలే, అంటే ఎల్‌టీఆర్ సొంత పని. మధ్యలోవి రెండూ కలిసినవి, వాటికి 5 ప్రైమ్ రేస్ (ఆర్‌ఎన్‌ఏ మొదలును కనిపెట్టే పద్ధతి) కావాలి.

ఒక చోటుకు మూడు ఆంప్లికాన్లు, ఆర్‌టీతోనూ లేకుండానూ, మూడేసి బావులు: 18. డీఎన్‌ఏ కొలతకు 9, టెంప్లేట్ లేనివి 3. మొత్తం 30. 96 బావుల ప్లేటులో మూడు చోట్లు పట్టి, మిగిలిన 6 రిఫరెన్స్ జన్యువుకు సరిపోతాయి.

మొదటి ప్లేటులో తప్పిన చోటు ఆర్‌టీ. యాదృచ్ఛిక హెక్సామర్లతో (ఆరు బేస్‌ల ప్రైమర్లు) చేస్తే రెండు స్ట్రాండ్ల ఆర్‌ఎన్‌ఏ కూడా సీడీఎన్‌ఏ అయిపోయి, స్ట్రాండ్ జల్లెడ బెంచ్ మీద పోయింది. తోక తగిలించిన, స్ట్రాండ్‌కు ప్రత్యేకమైన ప్రైమర్‌తో ఆర్‌టీ చేసి, పీసీఆర్‌లో ఒక ప్రైమర్‌ను ఆ తోక మీద పెట్టాం. ఆర్‌ఎన్‌ఏ తన మీద తానే మడత పడి ప్రైమర్ లేకుండానే సీడీఎన్‌ఏ అవుతుంది, కాబట్టి ఆర్‌టీ ఎంజైమ్ ఉండి ప్రైమర్ లేని గొట్టం కూడా కంట్రోల్‌గా చేర్చాం. తోక ప్రైమర్ దాటాక ఆంప్లికాన్ పొడవు మారుతుంది, అందువల్ల డీఎన్‌ఏ కొలతకు తోక ఉన్న కృత్రిమ టెంప్లేట్‌ను కూడా పక్కన పెట్టి సామర్థ్యం మళ్లీ కొలవాలి.

11వ వారం: ప్రస్తుత స్థితి

చోట్లు నాలుగు పెట్టెల్లోకి సర్దాం: ఎల్‌టీఆర్ మొదలు, రీడ్‌త్రూ, రెండూ, తేల్చలేనివి. చివరి పెట్టెలోకి ఎక్కువగా వెళ్లినవి చిన్న వయసు హెచ్‌ఎంఎల్-2 చోట్లే. వాటిని పట్టికలో ఆ పేరుతోనే ఉంచుతాం, బలవంతంగా ఏ పక్కకూ నెట్టం. ఎన్వ్ ప్రోటీన్ మాట ఇప్పుడే ఎత్తడం లేదు. ఈ ప్రొవైరస్‌లలో చాలావాటి చదువు చట్రాలు స్టాప్ కోడాన్లతో తెగి ఉన్నాయి, ఆర్‌ఎన్‌ఏ ఉన్నంత మాత్రాన ప్రోటీన్ ఉందనడానికి లేదు.

తర్వాతి పని న్యూఎన్ ప్రతిరక్షకంతో న్యూరాన్ల కేంద్రకాలను వేరుచేసి, మొదటి పెట్టెలోని చోట్లు ఏ కణాల్లో పలుకుతున్నాయో చూడటం. కేంద్రకాల ఆర్‌ఎన్‌ఏలో ఇంట్రాన్లు ఇంకా ఎక్కువ, కాబట్టి అంచు నిష్పత్తి గీతను దానికి విడిగా మళ్లీ గీయాలి. రెండు పనులు ఆ లోపు పూర్తి కావాలి: మొదటి పెట్టె చోట్లకు 5 ప్రైమ్ రేస్ ప్రైమర్లు, కేంద్రకాల నమూనాకు ఆర్‌టీ లేని గొట్టాల ప్లేటు.